ఇత్తీ

రష్యన్‌లో "పోయినాడు" అని ఊరికే అనడానికి లేదు.
నడిచి పోయినాడా, బండెక్కి పోయినాడా
ముందే తేల్చాలి.
పోయి తిరిగొచ్చినాడా, ఇంకా దారిలోనే ఉన్నాడా
అదీ క్రియే అడుగుతుంది
చెక్‌పోస్టు కాడ లారీ ఆపినట్టు.

కర్నూలు యూనివర్సిటీలో మూడో అంతస్తు, చివరి గది.
చేరినప్పుడు ముగ్గురం. దసరాకు ఇద్దరమైనాం.
ఫ్యాను తిరిగితే సుద్దపొడి మా మీదికే.
జిలానీ సార్ నల్లబల్ల మీద
రెండు కాళ్లు గీసినాడు, పక్కనే రెండు చక్రాలు.
కాళ్లకు: ఇత్తీ.
చక్రాలకు: యేఖత్.

నాకు నవ్వు ఆగలేదు.
మా కోసిగిలో ఇత్తడమంటే విత్తనం వేయడం.
తొలకరికి ఇత్తి,
మొగులు మొండికేస్తే మళ్లీ అప్పు చేసి ఇత్తి,
రెండోసారీ ఎండితే
గిన్నెలూ చాపా మూటగట్టి ఇంటికి తాళమేసి...

"ఏంటికి నవ్వుతావు?"
"మావాళ్లు ఇత్తినంక పోతారు సార్.
ఇక్కడ ఇత్తడమే పోవడమైపోయింది."

సార్ సుద్దముక్క పట్టుకుని అట్లనే నిలబడినాడు.
వరొనెజ్‌లో ఆరేండ్లు చదివినాడంట.
మంచు గురించి అడిగితే చెప్పడు.
హాస్టలు గేటు కాడి ముసలామె గురించి చెప్తాడు,
తండ్రి పేరు తెలిసేదాకా
తాళంచెవి చేతికివ్వలేదంట మొదటిరోజు.
ఆ దేశంలో మనిషి వెంట తండ్రి పేరు నడవాల.
అందుకే మా హాజరు పట్టీలో నేను
ఉరుకుందమ్మ ఈరన్నోవ్నా.
మేస్త్రీ కాగితంలో వేలిముద్ర పక్కన తప్ప
యాడా రాయని మా నాయన పేరు,
తోక తగిలించుకుని
రోజూ సాయంత్రం నాలుగింటికి "హాజర్" అంటుంది.

ఇంగ్లీషు నాకెప్పుడూ బిగుతు చొక్కా.
దాంట్లో చలేస్తే నేనే చలి మనిషినైపోవాల.
ఇక్కడ అట్లగాదు.
మ్న్యే ఖోలద్న.
నాకు చలి.
రెండే మాటలు, నడుమ ఏ అతుకూ లేదు.
"నాకాకలి" అంటూ నిద్రలేస్తాడే మా తమ్ముడు,
వాడికి సగం వ్యాకరణం వచ్చేసినట్టే.
వాడిప్పుడు గుంటూరు పక్క మిరపచేలో ఉన్నాడు,
ఐదో తరగతి పలక మూటలోనే ఉంది.

రాత్రి తొమ్మిదికి అమ్మ ఫోను.
గొంతులో మిరపఘాటు, వెనక ఎవరిదో దగ్గు.
"ఏం చేస్తుండావు?"
"సదువుకుంటుండా."
"ఏదీ, ఒక మాట సదువు, విందాం."
"పయ్‌తీ" అన్నా.
"యాడికి పోయితివే, ఈ రాత్రప్పుడు!"
అమ్మ భయం చూసి నవ్వొచ్చింది,
నవ్వినాక సిగ్గేసింది.
విడమరిచి చెప్పినా:
గడప దాటి ఒక కాలు ఎత్తినప్పుడు వాడే మాట,
ఎప్పుడొస్తారో దాంట్లో ఉండదు, బయల్దేరడమొక్కటే ఉంటుంది అని.
"ఓ, సుగ్గి" అంది అమ్మ.
"దానికింత సదువేంటికి?
సుగ్గి అంటే సరిపోదా."

ఫిబ్రవరిలో పరీక్ష.
ఆరో ప్రశ్న: *నా తల్లిదండ్రులు వేరే ఊరికి వెళ్లారు.*
చాలాసేపు కలం కదల్లేదు.
టెంపోలో పోయినారు, నలభైమంది మధ్య నిలబడి.
అదొక క్రియ.
దిగినాక చేను దాకా నడిచినారు.
అది వేరే క్రియ.
ఇంకా అక్కడే ఉన్నారు, దానికొక రూపముంది,
నాకు బాగా తెలుసు,
రాత్రి పడుకునేముందు కూడా చూసుకున్న రూపం.

అది రాయలేదు.
యేజ్దిలి అని రాసినా.
బండిలో పోయి, తిరిగి వచ్చేసినారు.

పేపరు తిరిగొచ్చింది.
మార్కు కొట్టేసినాడు సార్, న్యాయమే.
ఎర్రసిరాతో పక్కన ఒకే మాట:
కగ్దా?
ఎప్పుడు?

ఆఖరి కోత అయినంక సార్.
ధర పడిపోకుంటే ఉగాదికి.
మేస్త్రీ లెక్క తెగకుంటే
దానికే క్రియ వాడాలో మీరే చెప్పాల.